పరాయి పాటకి టాంగో

టాంగో నేర్చుకునేవాళ్ళకి ఒకటి రెండేళ్ళు గడిచాక ఒక సలహా ఎదురవుతుంది. అడుగులు వచ్చేశాయి, పక్కవాళ్ళని గుద్దకుండా హాలు చుట్టి రావడం కూడా వచ్చింది, కానీ చూసేవాళ్ళకి ఆ డాన్సులో పాట కనపడటం లేదు అనే దశ అది. అప్పుడు ఎవరో ఒకరు చెప్తారు: కొన్నాళ్ళు టాంగో పాటలు పక్కన పెట్టు, జాజ్‌కో బాఖ్‌కో సినిమా పాటకో డాన్సు చేసి చూడు, చెవి తెరుచుకుంటుంది అని. సరిగ్గా దీనికి ఎదురు సలహా ఇచ్చేవాళ్ళూ అదే హాల్లో ఉంటారు. టాంగో సంగీతమే ఇంకా సరిగ్గా విననివాడు వేరే సంగీతానికి డాన్సు చేసి బాగుపడేదేమిటి, ముందు ది సార్లిని వెయ్యిసార్లు విను, తర్వాత మాట్లాడదాం అంటారు. రెండు పక్షాల్లోనూ బాగా డాన్సు చేసేవాళ్ళున్నారు. కాబట్టి డాన్సు చూసి ఎవరి మాట ఒప్పో తేల్చడం కుదరదు.

ఆరేళ్ళుగా బెంగళూరులో ఈ డాన్సు చేస్తూ, ఈ తగువు వింటూ ఉన్నాను. డాన్సు చేయని స్నేహితులకి చెప్తే ఇదీ ఒక సమస్యేనా అని నవ్వుతారు. నాకు మాత్రం దీని అడుగున ఒక పాత ప్రశ్న ఉందనిపిస్తుంది. వినడం అనేది ఒక నైపుణ్యమా? అంటే ఈత లాగా, ఒక చెరువులో నేర్చుకుని ఇంకో చెరువులో వాడుకోగలిగేదా? లేక ఒక ఫలానా పాటతో, ఒక ఫలానా మనిషితో మనకి ఏర్పడే సంబంధమా? నైపుణ్యమే అయితే ఏ సంగీతం మీద సాన పట్టుకున్నా తప్పులేదు, పదునెక్కితే చాలు. సంబంధం అయితే, ఒకరితో ఉన్న సంబంధాన్ని ఇంకొకరి మీద ప్రాక్టీసు చేయడం అనే మాటే వింతగా ఉంటుంది. ఈ ప్రశ్నకి మనమిచ్చే జవాబుని బట్టి పాటలతోనే కాదు, పుస్తకాలతోనూ మనుషులతోనూ మన తీరు మారుతుంది.

*

సినిమాల వల్ల మనకి టాంగో అంటే నోట్లో గులాబీ, వెనక్కి వంగిపోయిన ఆడమనిషి, లేదా 'సెంట్ ఆఫ్ ఎ వుమన్' (1992)లో అల్ పచీనో. క్లబ్బుల్లో జరిగే టాంగో దానికి చాలా దూరం. 19వ శతాబ్దం చివర్లో బ్యూనస్ ఐరెస్, మోంటెవీడియో రేవు పట్టణాల్లో, ఇటలీ స్పెయిన్‌ల నుంచి వలస వచ్చినవాళ్ళూ ఆఫ్రికన్ సంతతివాళ్ళూ కలిసి బతికిన పేటల్లో పుట్టిన జంట నృత్యం ఇది. ఇద్దరు ఒకరినొకరు పొదువుకుని నడుస్తారు. ముందే కట్టిన అడుగుల వరస ఉండదు. లీడ్ చేసేవాళ్ళు ఛాతీ కదలికతో ఒక సూచన ఇస్తారు, ఫాలో అయ్యేవాళ్ళు దాన్ని అందుకుని అడుగు వేస్తారు, ఆ అడుగు పూర్తయ్యాకే తర్వాతది మొదలవుతుంది. జంటలన్నీ అపసవ్య దిశలో హాలు చుట్టూ ఒకరి వెనక ఒకరు కదులుతుంటారు. దీన్ని రోందా అంటారు.

ఇలా డాన్సు జరిగే సభ పేరు మిలోంగా. అక్కడ పాటలు విడివిడిగా వేయరు. మూడో నాలుగో కలిపి ఒక గుత్తిగా వేస్తారు. దాని పేరు తాందా. సాధారణంగా ఒక తాందా అంతా ఒకే ఆర్కెస్ట్రాది, ఒకే కాలానిది. రెండు తాందాల మధ్య కొద్దిసేపు టాంగో కాని సంగీతం ఏదో ఒకటి వినిపిస్తారు. దాని పేరు కొర్తీనా, అంటే తెర. అది మోగుతున్నంతసేపు ఎవరూ డాన్సు చేయరు. జంటలు విడిపోయి ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్తారు. తర్వాతి తాందాకి మళ్ళీ కళ్ళతో వెతుక్కుని, తలూపి పిలుచుకుంటారు.

సంప్రదాయ మిలోంగాలో వినపడే పాటల్లో ఎక్కువ భాగం సుమారు 1935 నుంచి 1955 వరకు బ్యూనస్ ఐరెస్‌లో రికార్డు అయినవే. ఆ ఇరవై ఏళ్ళనీ స్వర్ణయుగం అంటారు. ఆర్కెస్ట్రాలన్నీ దాదాపు అవే వాయిద్యాలతో వాయించేవి: బందోనియోన్లు, వయొలిన్లు, పియానో, డబుల్ బాస్. అయినా ఒకదానితో ఒకదానికి పోలిక ఉండదు. హువాన్ దారియెన్సోది తెగ్గొట్టినట్టుండే దరువు. ఆయనకి 'తాళానికి రాజు' అని బిరుదు. 1935లో రొడోల్ఫో బియాజీ ఆయన దగ్గర పియానో మీద కూర్చున్నాక ఆ దరువుకి ఇంకా వేగం వచ్చింది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీల్లో బియాజీ పియానో చిలిపిగా తొంగిచూస్తుంది. కార్లోస్ ది సార్లి దగ్గర వయొలిన్లు పొడుగ్గా, నునుపుగా సాగుతాయి, ఆయన ఎడమచెయ్యి పియానో కింది స్వరాల మీద గంటలా మోగుతుంది. ఒస్వాల్దో పుగ్లియేసే దగ్గర కాలమే సాగి, బిగుసుకుని, మళ్ళీ వదులవుతుంది.

కొన్ని విషయాల్లో మాత్రం వీటన్నిటికీ పోలిక ఉంది. చాలా టాంగోలు ఒక పద్ధతి ప్రకారం కట్టిన ఇళ్ళ లాంటివి. ఎనిమిదేసి బార్ల వాక్యాలు, వాటితో కట్టిన భాగాలు, చివర్లో 'చాన్-చాన్' అని రెండు స్వరాలతో తలుపేసినట్టు ముగింపు. ఏడాది తిరిగేసరికి ఒంటికి ఇదంతా అలవాటైపోతుంది. వాక్యం ఎక్కడ ముగుస్తుందో వినక్కర్లేకుండానే తెలుస్తుంది. కాలు తనంతట తనే ఆగుతుంది. బయట నుంచి చూస్తే ఇతను పాటని బాగా వింటున్నాడు అనిపిస్తుంది. లోపల మనిషి రేపటి స్టాండప్ మీటింగ్ గురించి ఆలోచిస్తుండొచ్చు.

సమస్య ఇదీ. ఒక సంగీతానికే పుట్టిన డాన్సుని ఆ సంగీతానికే చేస్తున్నప్పుడు, వింటున్నామో గుర్తుచేసుకుంటున్నామో మనకే తెలియదు. 1917లో విక్టర్ ష్క్లోవ్‌స్కీ ఒక వ్యాసంలో అలవాటు మన చుట్టూ ఉన్న వస్తువుల్నీ మనుషుల్నీ కూడా మింగేస్తుందని, వాటిని మళ్ళీ వింతగా కనపడేట్టు చేయడమే కళ చేసే పని అని వాదించాడు. నా ఉద్యోగంలో దీనికి కొంచెం పొడి మాట ఉంది, ఓవర్‌ఫిట్టింగ్. ఒక మోడల్‌కి ఏ డేటాతో నేర్పామో దానితోనే పరీక్ష పెడితే నూటికి నూరు తెచ్చుకుంటుంది. అది నేర్చుకుందో బట్టీ పట్టిందో తెలియాలంటే అదెప్పుడూ చూడని డేటా ఇవ్వాలి. పరాయి సంగీతం పక్షాన ఉన్న బలమైన వాదన ఇదేనని నా ఉద్దేశం. అది పాఠం కన్నా ఎక్కువగా పరీక్ష.

*

అయితే పరీక్ష పేపర్లన్నీ ఒకటి కావు. 'వేరే సంగీతం' అనగానే చాలామంది ముందు వెళ్ళేది ఎలక్ట్రానిక్ టాంగో దగ్గరకి. 2001లో పారిస్ నుంచి గోతాన్ ప్రాజెక్ట్ మొదటి ఆల్బమ్ వచ్చింది. టాంగో అనే మాటలో అక్షరాలు తిరగేస్తే గోతాన్. ఆ వెనకే ఇంకొన్ని బృందాలు వచ్చాయి. ఈ సంగీతం వల్లే చాలామంది కుర్రాళ్ళు టాంగో హాళ్ళలో అడుగుపెట్టారు, అది మంచిదే. కానీ చెవికి సాన పెట్టడం అనే పనికి ఇది అంతగా పనికిరాదు. దరువు యంత్రం లాగా సమంగా కొడుతూనే ఉంటుంది, ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. ఎక్కడ అడుగేసినా సరిపోతుంది, ఎక్కడ ఆగినా సరిపోతుంది. ఏం చేసినా సరిపోయే చోట వినాల్సిన అవసరం రాదు. పైకి కొత్తగా ఉన్నా, మనల్ని మన అలవాట్లతో ఇంకాస్త హాయిగా వదిలేస్తుంది.

నిజంగా ఇబ్బంది పెట్టేది ఆర్వో పార్ట్. ఆయన 1978లో రాసిన 'ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్'లో పియానో మూడేసి స్వరాలు మెల్లగా పైకెక్కుతుంటుంది, దాని మీద వయొలిన్ ఒక్కో స్వరాన్ని చాలాసేపు పట్టుకుని ఉంటుంది. వయొలిన్ వాక్యం ఒక్కొక్కసారీ ఒక్కో స్వరం పెరుగుతూ పోతుంది. దీనికి డాన్సు చేయబోతే మొదటి నిమిషంలోనే ఒక సంగతి బయటపడుతుంది. మనం ఆగడం అనుకునేది ఆగడం కాదు, తర్వాతి అడుగు కోసం ఓపిక లేకుండా నిలబడటం. ఇక్కడ తర్వాతి దరువు మనల్ని తోసుకెళ్ళదు. ఒక అడుగులో బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడానికి ఎంత సమయం పట్టగలదో, ఆ మారడంలో మధ్యలో ఎన్ని చోట్లు ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది.

బాఖ్ మొదటి చెల్లో సూట్‌లో ప్రెలూడ్ దీనికి తలకిందులు. స్వరాలు దాదాపు ఎక్కడా ఆగకుండా ధారగా పడుతూనే ఉంటాయి. కొట్టే దరువు లేదు, ఊపిరి పీల్చుకునే ఖాళీ కనపడదు. అయినా అందులో వాక్యాలున్నాయి. అవి స్వరాల పొందికలో, ఒక బిగువు పెరిగి సడలే చోట ఉన్నాయి. దరువుని మాత్రమే పట్టుకునే కాలికి ఈ పాటలో పట్టు దొరకదు. కింది స్వరం మారడాన్ని పట్టుకుంటే తప్ప ఎక్కడ తిరగాలో ఎక్కడ నిలబడాలో తెలియదు.

ఈ రెండింటితో ఒక నెల గడిపి ది సార్లి స్వయంగా కట్టి 1957లో రికార్డు చేసిన 'బహియా బ్లాంకా' దగ్గరకి తిరిగి వెళ్తే పాట మారిపోయి ఉంటుంది. ఎన్నోసార్లు డాన్సు చేసిన పాటే. వయొలిన్లు ఒక వాక్యం ముగించి ఇంకోటి ఎత్తుకునే లోపల ఆయన ఎడమచేతి గంట ఒక్కసారి మోగి, ఆ మోతలో హాలంతా ఒక క్షణం వేలాడుతుంది. అది ఎప్పుడూ అక్కడే ఉంది. దాని మీద అడుగు వేసుకుంటూ పోవడం వల్ల వినపడలేదు. పరాయి సంగీతం వల్ల చెవి తెరుచుకుంటుంది అనే మాటకి నా అనుభవంలో ఉన్న అర్థం ఇదే. కొత్త విద్యేదీ రాలేదు. ఉన్న ఒక మాంద్యం కొంత తొలగింది.

*

ఇక్కడివరకు ఒక మనిషికీ పాటకీ మధ్య వ్యవహారం లాగా మాట్లాడాను. టాంగోలో వినేవాళ్ళు ఇద్దరు. నైతికంగా నాకు ముఖ్యంగా తోచే విషయం ఇక్కడుంది.

పాట కంఠతా వచ్చిన లీడర్‌ని ఊహించండి. బియాజీ పియానో ఎక్కడ తొంగిచూస్తుందో, గాయకుడు ఎక్కడ అందుకుంటాడో అతనికి ముందే తెలుసు. ఆ చోట్లకి తగ్గ కదలికలు సిద్ధంగా ఉంటాయి. చూసేవాళ్ళు అతని మ్యూజికాలిటీ అద్భుతం అంటారు. అతని చేతుల్లో ఉన్న మనిషి మాత్రం అతని పాండిత్యాన్ని ప్రదర్శించే వాయిద్యం అయిపోయింది. ఆమె కూడా ఆ పాట వింటోంది. ఆమెకి బందోనియోన్ దగ్గర ఆగాలని ఉండొచ్చు, అతను అప్పటికే వయొలిన్ వెంట వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆడవాళ్ళు లీడ్ చేయడం, మగవాళ్ళు ఫాలో అవడం మామూలే. పాత్రలు ఎవరివైనా ఈ అసమానత అలాగే ఉంటుంది: తర్వాత ఏం వస్తుందో తెలిసినవాడు, తెలిసిందని నమ్మేవాడు, ఎదుటి మనిషిని అడగాల్సిన పని లేదనుకుంటాడు.

ఇద్దరికీ తెలియని పాట వేస్తే ఇది కాసేపు చెదురుతుంది. లీడర్ దగ్గర సిద్ధం చేసుకున్న పథకం ఉండదు. ఒక అడుగు సూచించి, అవతలి మనిషి దాన్ని ఎంత పొడుగు వేస్తారో చూడాల్సి వస్తుంది. ఆ పొడుగులో ఆమె వింటున్న పాట ఉంటుంది. ఆమె ఆలస్యం చేస్తే అది ఎందుకో వెతకాలి, అలా వెతికితే తనకి వినపడని స్వరం ఒకటి దొరుకుతుంది. బాగా డాన్సు చేసే ఫాలోయర్లు కొంతమంది తెలియని పాటలకి మామూలు లీడర్లతో కూడా సంతోషంగా ఎందుకు చేస్తారో నాకు అర్థమైంది ఇందుకే. ఆ పది నిమిషాలూ వాళ్ళ చెవికి విలువ ఉంటుంది.

కానీ జాగ్రత్తగా చూస్తే ఈ గుణం ఆ పాట పరాయిదవడం వల్ల వచ్చింది కాదు. ముందే తెలియకపోవడం వల్ల వచ్చింది. అదే పార్ట్‌ని యాభైసార్లు వేస్తే, యాభై ఒకటోసారి లీడర్ మళ్ళీ ప్రదర్శన మొదలుపెడతాడు. అంటే కొత్త సంగీతం ఇచ్చే వినయం అరువు తెచ్చుకున్నది. వాయిదా తీరేలోపు దాన్ని సొంతం చేసుకోవాలి, అంటే తెలిసిన పాటలో కూడా తెలియనట్టు అడగడం నేర్చుకోవాలి. లేకపోతే వింతలు వెతుక్కుంటూ ఒక పాట నుంచి ఇంకో పాటకి, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పరిగెత్తడమే మిగులుతుంది.

*

ఈ వ్యవహారంలో ఇంకో పక్క ఉందని నాకు నిరుడు ఒక ప్రాక్టికాలో తెలిసింది. ప్రాక్టికా అంటే ప్రాక్టీసు చేసుకునే సాయంత్రం, మిలోంగాకి ఉండే మర్యాదలు అక్కడ ఉండవు. పాటలు వేస్తున్న స్నేహితుడికి తెలుగు రాదు. ఆ రోజు 'టాంగో కానివి' అని ఒక గంట కేటాయించి, ఏవేవో దేశాల పాటల మధ్య 'సాగర సంగమం' (1983)లో ఒక పాట వేశాడు. కమల్‌హాసన్ తాగి నూతి గట్టు మీద నాట్యం చేసే పాట. ఇళయరాజా సంగీతం, వేటూరి మాటలు, బాలు గొంతు.

హాల్లో ఇరవైమంది ఉంటే తెలుగువాడిని నేనొక్కడినే. అందరికీ అది మంచి హుషారైన దరువు. ఒకతను ప్రతి బిగువైన తాళానికీ గాల్లోకి కాలు విసురుతున్నాడు, బాగా విసురుతున్నాడు కూడా. నాకు మాత్రం కాళ్ళు కదలడం లేదు. ఆ పాటలో నాకు నుయ్యి కనపడుతోంది. కాలు జారితే ఏమవుతుందో తెలిసిన భయం, జీవితంలో ఒక్కసారి కూడా సరైన వేదిక దొరకని నాట్యకారుడు, ఆదివారం సాయంత్రం టీవీలో ఆ సినిమా వస్తే ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం. మాటలు వినకుండా ఉండటం నాకు సాధ్యం కాదు.

నాతో డాన్సు చేస్తున్నామె బెంగాలీ. ఒక తెలుగు మాట రాదు. నేను నిలబడిపోతే, "నువ్వు మాటల వెనక పోతున్నావు, కింద తాళం విను, అది వేరే ఏదో చెప్తోంది" అంది. విన్నాను. నిజమే. ఇన్నేళ్ళుగా ఆ పాటని మాటల వెంట, కథ వెంట, బాలు గొంతు వెంట విన్నానే కానీ, కింద నడుస్తున్న తాళవాద్యాన్ని విడిగా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆమె ఆగిన చోట నేనెప్పటికీ ఆగి ఉండేవాడిని కాదు. పాట అయ్యాక ఆమె, ఇంతకీ ఇది దేని గురించి అని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ వేస్తే ఇప్పుడు వేరేగా చేస్తాను అంది.

ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ అవమానించలేదు. కానీ పరాయి సంగీతం వాదన లోపల ఉన్న రెండు నిజాలూ ఒకేసారి ముందుకొచ్చాయి. పరాయి చెవికి వినపడేది ఒకటుంది, అది సొంతవాళ్ళకి వినపడదు. సొంత చెవికి తెలిసేది ఒకటుంది, అది పరాయివాళ్ళకి ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. మొదటిదాన్ని అభ్యాసంతో సాధించొచ్చు. రెండోదానికి అడగాలి.

ఇంకో విషయం కూడా తట్టింది. ఆ గంటలో మా పాటకి ఉన్న పేరు 'నాన్-ట్రెడిషనల్'. ఎవరికి నాన్-ట్రెడిషనల్? మేమంతా ఒక దేశపు సంప్రదాయాన్ని కేంద్రంలో పెట్టి, మిగతా ప్రపంచం పాటలన్నిటికీ 'కానివి' అని ఒకే సంచీ కుట్టాం. ఆ సంచీలో పడ్డ ప్రతి పాటకీ ఎక్కడో ఒక ఇల్లు, ఆ ఇంట్లో అది మోగితే మాట్లాడకుండా కూర్చునే మనుషులు ఉంటారు.

*

ఇదే తర్కాన్ని తిప్పి చూస్తే, టాంగో పాటల దగ్గర ఆ కాలు విసిరినతని స్థానంలో ఉన్నది నేను. పుగ్లియేసే 1946లో రికార్డు చేసిన 'లా యుంబా' ఉంది. 'యుమ్' అని బరువుగా నొక్కి, 'బా' అని వదిలే ఆ ఆర్కెస్ట్రా దరువు పేరే పాటకి పెట్టాడు. నాకది మొదట్లో ఒక అభ్యాసం, కాలాన్ని సాగదీయడం నేర్చుకునే వ్యాయామం. పుగ్లియేసే కమ్యూనిస్టు. ఆర్కెస్ట్రాని సహకార సంఘం పద్ధతిలో నడిపాడు. రాజకీయ కారణాల వల్ల ఆయన జైల్లో ఉన్నప్పుడు ఆయన కూర్చోవాల్సిన పియానో మీద ఒక ఎర్ర కార్నేషన్ పువ్వు పెట్టి మిగతావాళ్ళు కచేరీ చేసేవాళ్ళు. ఈ సంగతి తెలిశాక నా అడుగులు మెరుగుపడ్డాయని చెప్పలేను. కానీ ఆ 'యుమ్'లో ఉన్న బరువుని ఊరికే ఒక దరువుగా లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

మరైతే సంప్రదాయవాదులదే ఒప్పా? ఎవరి పాటకి వాళ్ళే డాన్సు చేసుకోవాలా? అలా అంటే టాంగోకే నిలబడటానికి చోటుండదు. ఆ సంగీతానికి ప్రాణం అని చెప్పుకునే బందోనియోన్ జర్మనీ వాయిద్యం, క్రెఫెల్డ్ ఊరి హైన్రిఖ్ బాండ్ పేరు మీద వచ్చింది. మన పద్యనాటకం హార్మోనియం లేకుండా ఊహించలేం, అదీ యూరప్ నుంచి వచ్చిందే. పరాయిదని, మన గమకాలు పలకదని ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దాన్ని బయట కూర్చోబెట్టింది. మిలోంగాలో ఆఖరి పాటగా వేసే 'లా కుంపార్సీతా'ని మోంటెవీడియోలో ఒక విద్యార్థి కార్నివాల్ ఊరేగింపు కోసం మార్చ్‌గా కట్టాడు. త్రోయ్‌లో ఆర్కెస్ట్రాలో బందోనియోన్ వాయించి బయటకొచ్చిన ఆస్తొర్ పియాసోలాని, ఇది టాంగోయే కాదని బ్యూనస్ ఐరెస్ సంప్రదాయవాదులు ఏళ్ళ తరబడి తిట్టారు. 2009లో టాంగోని యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చేటప్పటికి ఆయన ఆ నగరం గర్వపడే పేర్లలో ఒకటి.

అలస్డేర్ మకింటైర్ 'ఆఫ్టర్ వర్చ్యూ' (1981)లో సంప్రదాయం గురించి చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఆయన లెక్కలో బతికున్న సంప్రదాయం అంటే తరతరాలుగా సాగుతున్న ఒక వాదన. ఏది మంచి, దేనికోసం ఈ పని చేస్తున్నాం అనే వాదన. ఆ వాదన ఆగిపోతే సంప్రదాయం పోయినట్టే. ఈ దృష్టితో చూస్తే బెంగళూరులో ఒక అద్దె హాల్లో టాంగోకి పార్ట్‌ని జోడించి చూడటం అపచారం కాదు, వాదనలో ఒక మాట. కానీ వాదన అనే మాటకే ఒక షరతుంది. ఇంతవరకు అవతలివాళ్ళు ఏమన్నారో వినకుండా మధ్యలో దూరి మాట్లాడేవాడిని ఎవరూ వాదిస్తున్నాడు అనరు.

*

ఇప్పుడు ఓవర్‌ఫిట్టింగ్ పోలిక దగ్గరకి మళ్ళీ వెళ్ళాలి. అది సగం దూరమే తీసుకెళ్తుంది. మోడల్ విషయంలో మనకి కావాల్సింది చూడని డేటా మీద బాగా పనిచేయడం. చూసిన డేటా మీద మనకి ప్రేమేమీ లేదు, అది మెట్టు మాత్రమే. టాంగో చేసేవాడికి ఆ వెయ్యి పాటలు మెట్లు కావు. అక్కడికి వెళ్ళడానికే ఈ నడకంతా. త్యాగరాజ కీర్తనలు యాభై ఏళ్ళుగా వింటున్న పెద్దాయన సభలో, సంగతి రాకముందే తలూపడం చూసే ఉంటారు. ఆయనకి తర్వాత ఏం వస్తుందో తెలుసు. తెలియడం వల్ల ఆయన వినడం మానలేదు. ఈ గాయని ఇవాళ దాన్ని ఎలా పలుకుతుందో అనే ఎదురుచూపు, ఆ కీర్తనని కంఠతా ఎరిగినవాళ్ళకే ఉంటుంది. బట్టీకీ ఎరుకకీ తేడా ఇక్కడుంది. బట్టీ పట్టినవాడికి పాట అయిపోయింది. ఎరిగినవాడికి అది ఇంకా జరుగుతోంది.

అందుకని వినడం నైపుణ్యమా సంబంధమా అన్న ప్రశ్నకి నా జవాబు ఇలా ఉంది. అందులో నైపుణ్యం పాలు ఉంది, దాన్ని ఎక్కడైనా సాన పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. కానీ సాన పట్టిన చెవి ఒక అవకాశం మాత్రమే. ఏదో ఒక పాట దగ్గర, ఒక మనిషి దగ్గర కుదురుగా ఉండి, తెలిసిందాన్ని మళ్ళీ మళ్ళీ అడిగితేనే అది వినడం అవుతుంది. ఆ కుదురు లేని పదును ఒక్కోసారి మొద్దుతనం కన్నా ప్రమాదం, ఎందుకంటే దానికి తను వింటున్నానన్న నమ్మకం గట్టిగా ఉంటుంది.

అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి ఇది నాకు డాన్సు హాలు దాటి కూడా తగులుతుంది. ఏ పుస్తకాన్నైనా విప్పగల పనిముట్లు ఇప్పుడు మన దగ్గర బోలెడున్నాయి. శిల్పం, దృక్కోణం, అధికారం, గైర్హాజరీ. వాటితో కవిత్వాన్నీ కథనీ సినిమానీ ఒకే తీరుగా చకచకా విప్పేయొచ్చు. అలా విప్పిన వ్యాసాలు చదివితే రాసినవాళ్ళ పదును కనపడుతుంది. ఆ పుస్తకంతో వాళ్ళు కాపురం చేశారా అన్నది చాలాసార్లు కనపడదు. మరోపక్క, ఒకే కవిని జీవితాంతం చదువుతూ, ఇంకెవరినీ ముట్టుకోకుండా, ఆ కవిని కూడా చివరికి వినడం మానేసిన అభిమానులు మనకి తెలుసు. వాళ్ళకి కొన్నాళ్ళు పరాయి కవి అవసరం.

ఆచరణలో నేను పాటించేది చాలా మామూలుగా ఉంటుంది. ప్రాక్టికాలో ఏ సంగీతానికైనా చేస్తాను. చేసిన పాట ఎక్కడిదో, ఎవరిదో, దేని గురించో ఆ రాత్రే కనుక్కుంటాను. మిలోంగాలో మాత్రం ఆ పాత ఆర్కెస్ట్రాలే ఉండాలని కోరుకుంటాను. అక్కడ వింటున్నది మేమిద్దరమే కాదు. రోందాలో ముందున్న జంట, వెనకున్న జంట అదే వాక్యాన్ని వింటున్నారు, ఆ వాక్యం చివర అందరం కొంచెం నెమ్మదిస్తాం. ఎవరూ చెప్పకుండా ఇరవై జంటలు ఒకేసారి నెమ్మదించడం ఆ పాటలు అందరికీ తెలుసు కాబట్టే జరుగుతుంది. కొత్త పాటకి ఇద్దరు కలిసి వినొచ్చు, ఒక హాలంతా కలిసి వినాలంటే ఏళ్ళు పడుతుంది.

నిజానికి ఈ తగువుకి టాంగో తనలోనే ఒక చోటు ఏర్పాటు చేసుకుంది, అది కొర్తీనా. పరాయి సంగీతాన్ని మిలోంగా బయటకి నెట్టలేదు. రాత్రంతా, ప్రతి నాలుగు పాటలకీ ఒకసారి, కాసేపు దాన్ని లోపలికి పిలుస్తుంది. అప్పుడు కౌగిలి విడిపోతుంది, ఇప్పటిదాకా విన్న ఆర్కెస్ట్రా చెవిలోంచి తుడుచుకుపోతుంది, తర్వాత ఎవరు రాబోతున్నారో ఎవరితో చేయబోతున్నామో ఇంకా తెలియదు. ప్రాక్టికాలో మేం చేసేది ఆ కొర్తీనాని కొంచెం పొడిగించి, దానికీ కాళ్ళు కదపడం. అది అయ్యాక ది సార్లి ఎత్తుకుంటాడు, హాలుకి అవతల ఎవరో తలూపుతారు, లేచి వెళ్ళాలి.